మనం రోజూ కొనేదాంట్ల చేసినోళ్ల చేతికి ఎంత పోతుంది?

(నల్లగొండల ఒక సాయంత్రం సభల మాట్లాడిన మాటలు, మాట్లాడినట్టే రాసినవి)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అక్కలకు, అన్నలకు, కాలేజీ నుంచి వచ్చిన తమ్ముళ్లు చెల్లెండ్లకు... ఎనుక కూసున్నోళ్లకు వినబడుతుందా? ఆ, సరే.

నన్ను ఫెయిర్ ట్రేడ్ గురించి మాట్లాడుమన్నరు. ఆ మాట వినంగనే చానమందికి ఏమనిపిస్తదంటే, అదేదో విదేశాలల్ల కాఫీ ప్యాకెట్ మీద ఉండే గుర్తు, ఉన్నోళ్ల ముచ్చట, నెలకు ఇరవై వేలతోని ఇల్లు నడుపుకునే మనకు అదెందుకు అనిపిస్తది. నేను అందుకే కాఫీతోని మొదలుపెట్టను, పాలతోని మొదలుపెడత. పాల ప్యాకెట్ కొనని ఇల్లు ఈ హాల్లో ఉన్నోళ్లల్ల ఎవరిదన్న ఉన్నదా? లేదు కదా.

రిజర్వ్ బ్యాంకు 2024ల ఒక పరిశోధన పత్రం బయటపెట్టింది, మనం కూరగాయలకు పెట్టే రూపాయిల రైతుకు ఎంత పోతుందని లెక్క తీసిన్రు. టమాటకైతే 33 పైసలు, ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37. అంటే మీరు కిలో టమాటకు 30 రూపాయలు పెడితే దున్ని, నారు పోసి, మందు కొట్టి, తెంపి, డబ్బాల నింపి మార్కెట్‌కు తెచ్చినాయనకు పది రూపాయలు. మిగతాది నడుమల పోతది. పాలల్ల మాత్రం పాల రైతుకు 70 పైసల దాక పోతదని అంటరు. ఎందుకట్ల? పాలు టమాట కంటె తొందరగ ఖరాబయ్యే సరుకు, రైతు ఇంకా ఎక్కువ మునగాలె కదా మరి. మునగకపోవుడుకు కారణం ఉన్నది. ఊరూరికి పాల సంఘాలు ఉన్నయ్, వెన్న శాతం చూసి రేటు కట్టుడు రైతు కండ్ల ముందలనే అయితది, పదిహేను రోజులకొకసారి బిల్లు వస్తది, అన్నిటికంటె ముఖ్యం ఏందంటే అవతల మనం పొద్దుగాల లేచి రోజూ కొంటం. ఎండకాలం కొంటం, వానకాలం కొంటం, పండుగకు కొంటం, పండుగ లేకున్నా కొంటం. ఆ రోజూ కొనుడే అక్కడ రైతుకు ధైర్యం. ఆ బిల్లు ఎప్పుడన్న నెల లేటయిందంటే పాల రైతు దాణాకు ఎంత తిప్పలు పడతడో మన ఊర్లల్ల అందరం చూసినోళ్లమే.

నేను ఇయ్యాల చెప్పదలుచుకున్నది ఇదే ఒక్కటి. మంచి కంపెనీలు, సంఘాలు, న్యాయంగ కూలి ఇచ్చేటోళ్లు మనం ఏడాదికి ఒక్కపారి ఎగ్జిబిషన్‌కు పోయి జాలిపడి కొంటే బతకరు. మనం మళ్లమళ్ల కొంటే బతుకుతరు. ఏడాదికి ఒక్క ఐదు వేల చీర కంటె నెలనెలా మూడు వందల సరుకు ఎక్కువ పని చేస్తది. ఈ మాట నేను చానేండ్ల నుంచి మగ్గాల కాడ, రైతుల కాడ సరుకు తీసుకొని ఈ ఊర్ల అమ్మే పనిల ఉండి, కండ్లార చూసి చెప్తున్న.

ఇగ ఫెయిర్ ట్రేడ్ అంటే అసలు ఏందో చిన్నగ చెప్త. ఇది ఎక్కడ మొదలైందంటే, 1946ల ఎడ్నా రూత్ బైలర్ అని అమెరికా ఆమె ప్యూర్టో రికో పోయినప్పుడు అక్కడి ఆడోళ్లు కుట్టిన గుడ్డలు చూసి, అవి తీసుకపోయి కారు డిక్కీల పెట్టుకొని తెలిసినోళ్లకు అమ్మి ఆ పైసలు వాళ్లకు పంపుడు మొదలుపెట్టింది. తర్వాత 1988ల నెదర్లాండ్స్‌ల మెక్సికో రైతుల కాఫీ మీద మొదటిసారి ఒక గుర్తు ఏసి మామూలు దుకాణాలల్ల అమ్మిన్రు. అప్పటి నుంచి రెండు దార్లు నడుస్తున్నయ్, ఒకటి వస్తువు మీద గుర్తు ఏసేది, ఇంకొకటి కంపెనీ మొత్తాన్ని, అంటే దాని పని పద్ధతినంతా చూసి సభ్యత్వం ఇచ్చేది. గుర్తు ఉన్న చాన పంటలకు కనీస ధర ఉంటది, మార్కెట్ పడ్డా ఆ ధరకు తక్కువ ఇయ్యొద్దు. దానిమీద ప్రీమియం అని కొంత ఎక్కువ డబ్బు ఇస్తరు, అది రైతుల సంఘం ఖాతాల పడతది, ఆ పైసలతోని బోరు ఎయ్యాల్నా, గోదాం కట్టాల్నా, పిల్లల బడికి పెట్టాల్నా అన్నది ఆ రైతులే కూసొని ఓటేసి అనుకుంటరు. కొనేటోడు చెప్పొద్దు.

ఆ రూల్స్‌ల నాకు మస్తు నచ్చిన ముచ్చట ఒకటుంది. చేతిపని వస్తువులకు ఆర్డర్ ఇచ్చినప్పుడు, చేసేటోళ్లు అడిగితే కనీసం సగం డబ్బు వడ్డీ లేకుండ ముందుగాలనే ఇయ్యాలె. ప్రపంచ ఫెయిర్ ట్రేడ్ సంస్థ రాసుకున్న పది సూత్రాలల్ల ఇది ఉన్నది. ఇది చదివినప్పుడు నాకు మన పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం కండ్ల ముందల కనబడ్డయ్. ఎందుకంటే నేతపని చేసేటోళ్లకు కష్టం రేటు కాడ సగమే, మిగిలిన సగం కష్టం నూలు కొనుక్కునే పైసలు లేకపోవుడు కాడ ఉంటది. చేతుల పైసలుంటే నూలు తనది, డిజైన్ తనది, చీర తనది, ఎవరికి అమ్మాల్నో తన ఇష్టం. పైసలు లేకుంటే నూలు ఇంకొకరిది, అప్పుడు చీర కూడ వాళ్లదే, ఈయనకు మజూరి మాత్రమే మిగులుతది.

చీర ముచ్చట వచ్చింది కాబట్టి జర నిదానంగ చెప్త, ఇది మన పాత నల్లగొండ జిల్లా పని, మనకే సరిగ్గ తెల్వదు.

ఈ ఊర్లల్ల నేసేది ఇక్కత్. దాంట్ల రంగు బట్ట మీద అద్దరు, నేయకముందే దారానికి అద్దుతరు. ముందుగాల ఆసు పోయాలె. అంటే ఒక దిక్కు ఒకే మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క వరుసగ మేకులు ఉంటయ్, దారం పట్టుకొని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చెయ్యి ఆడిస్తనే ఉండాలె. ఒక్క చీరకు దగ్గరదగ్గర 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు చెయ్యి చాపాలె. ఈ పని ఇంట్ల ఆడోళ్లది. రెక్క పడిపోతది, కండ్లు మసకబారుతయ్. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మమ్మ పడే ఈ నొప్పి సూడలేకనే కదా ఏండ్లకేండ్లు తిప్పలుపడి 1999ల ఆసు యంత్రం తయారుచేసింది, 2017ల పద్మశ్రీ కూడ వచ్చింది. ఆరో తరగతితోని సదువు ఆపేసిన మనిషి ఆయన. యంత్రం వచ్చినంక నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది.

ఆసు అయినంక చిటికి కడతరు. గ్రాఫ్ పేపర్ మీద డిజైన్ గీసుకొని, రంగు ఎక్కడ తాకొద్దో అక్కడ దారాన్ని సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతోని గట్టిగ చుట్టి రంగుల ముంచుతరు. ఆరినంక కొన్ని విప్పుతరు, కొన్ని కొత్తగ కడతరు, ఇంకో రంగుల ముంచుతరు. పట్టీ వెంట్రుకవాసి జరిగితే చీరల చిలుక మెడ వంకరైతది. తర్వాత పడుగు, అంటే నిలువు దారాలు ఎక్కిస్తరు, తర్వాత గుంట మగ్గం మీద నేత. పడుగు ఒక్కసారి ఎక్కిస్తే ఏడెనిమిది చీరలు వస్తయ్, ఇంటిల్లిపాది కలిసి కూసున్నా నెల పైనే పట్టుద్ది. పుట్టపాకల తేలియా రుమాల్ చేసేటోళ్లైతే దారాన్ని ఆముదపు కాయల బూడిద, నూనెల నానబెట్టి రోజుల తరబడి పిసుకుతరు, అందుకే ఆ బట్టకు నూనె వాసన ఉంటది, ఎర్ర, నల్ల, తెల్ల మూడే రంగులు. దానికి 2020ల జీఐ, అంటే ఫలానా జాగ సరుకని చెప్పే గుర్తు, వచ్చింది.

ఇంత పని చేస్తే వచ్చేదెంత? 2019-20 చేనేత గణనల దేశం మొత్తం మీద 35 లక్షల మంది చేనేత పనోళ్లని తేలింది, అందుల నూటికి డెబ్బై మందికి పైన ఆడోళ్లు. మూడింట రెండొంతుల నేత కుటుంబాలకు నెలకు 5,000 రూపాయలు కూడ వస్తలేవని అదే గణన చెప్పింది. నెలకు ఐదు వేలు! ఇంటిల్లిపాది కష్టానికి! ఇది తెలిసినంక కూడ మగ్గం కాడికి పోయి "ఇంకో ఐదు వందలు తగ్గియ్యన్నా" అనబుద్ధి అవుతదా చెప్పున్రి. మాల్‌ల రేటు ట్యాగ్ చూసి నోరు మెదపం, బిల్లు కట్టి వస్తం, అదే నేతన్న ఇంటి ముందల కూసొని గంటసేపు బేరం ఆడతం. నాకు ఈ మాట మీద చాన బాధ ఉన్నది, అందుకే జర గట్టిగ అంటున్న, ఏమనుకోకున్రి.

ఇగ గుర్తుల సంగతి. మన దగ్గర మస్తు గుర్తులున్నయ్, అన్నీ మంచియే, కానీ ఏ గుర్తు ఏం చెప్తదో తెలుసుకోవాలె. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05ల జీఐ వచ్చింది, గద్వాల చీరకు ఉన్నది, నారాయణపేట చీరకు ఉన్నది. జీఐ ఏం చెప్తది? ఇది ఫలానా ఏరియాల, ఫలానా పద్ధతిల చేసిందని చెప్తది. చేసినోళ్లకు ఎంత ఇచ్చిన్రో చెప్పదు. హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉన్నది, అది చేతిమగ్గం మీద నేసిందని చెప్తది. సిల్క్ మార్క్ అసలు పట్టు అని చెప్తది. ఆర్గానిక్ గుర్తు మందులు కొట్టలేదని చెప్తది, కలుపు తీసిన కూలి అక్కకు ఎంత ఇచ్చిన్రో అది కూడ చెప్పదు. ఫెయిర్ ట్రేడ్ గుర్తు అయితే కూలి, రేటు, పిల్లల పని, పని చేసే జాగా ఎట్లున్నది అన్నవి చూస్తది, కానీ అది మన నల్లగొండ దుకాణాలల్ల ఎక్కడ దొరుకుతది? ఎక్కువశాతం ఎగుమతి సరుకు మీదనే ఉంటది. అందుకని మన కాడ గుర్తు చేయాల్సిన పని మన నోరు చేయాలె. అడగాలె. "ఇది ఎవరు నేసిన్రు? ఏ ఊరు? మజూరి ఎంత ఇస్తున్నరు? పైసలు ఎన్ని రోజులకు ఇస్తరు?" అని అడగాలె. సక్కగ జవాబు చెప్పేటోడి కాడ మళ్ల కొనాలె. కోపం చేసేటోడు ఉంటడు, పోనియ్యి.

అసలు ఇక్కత్ గుర్తుపట్టుడు కూడ ఈ పనిల భాగమే, ఎందుకంటే ప్రింట్ చేసిన దొంగ ఇక్కత్ ఎనిమిది వందలకు దొరికితే అసలు చీర ఎవరు కొంటరు? బట్ట తిరగేసి చూడున్రి. నేసిన ఇక్కత్ రెండు దిక్కుల ఒక్కతీరుగనే ఉంటది, ప్రింట్ అయితే ఎనుక రంగు ఎలిసినట్టు ఉంటది. డిజైన్ అంచులు చూడున్రి, చేతితోని కట్టింది కాబట్టి రంగుకు రంగుకు నడుమ గీత సూటిగ ఉండదు, ఈక లెక్క జర చెదిరి ఉంటది. చీర పక్కల పొంటి చిన్నచిన్న సూది బొక్కలు ఉంటయ్, మగ్గం మీద బట్టను సాగదీసి పట్టే బద్ద ముండ్లవి అవి. చానమంది ఆ బొక్కలు చూసి డ్యామేజీ అని వాపస్ ఇస్తరు, అది చేతిమగ్గం ఆనవాలు అక్కా, వాపస్ ఇయ్యకున్రి. చట్టం కూడ ఉన్నది, 1985ల చేనేత రిజర్వేషన్ చట్టం చేసి మొదలు 22 రకాలు, తర్వాత తగ్గించి 11 రకాలు చేతిమగ్గానికే అని పెట్టిన్రు, కొన్ని తీర్ల చీరలు, టవల్లు, లుంగీలు, బెడ్‌షీట్లు, శాలువాలు అందుల ఉన్నయ్. చట్టం ఉన్నా కాపీ సరుకు ఆగలేదు, ఎందుకంటే కొనేటోడు ఉన్నడు.

ఒక మాట మాత్రం న్యాయంగ చెప్పాలె. నడుమల ఉన్నోళ్లందరు మోసగాళ్లని నేను అనను. మాస్టర్ వీవర్ అని ఉంటరు, నూలు అప్పు మీద తెచ్చి ఇస్తడు, డిజైన్ గీపిస్తడు, బెంగళూరు, కోల్‌కతా షాపులతోని మాట్లాడుకుంటడు, చీర అమ్ముడుపోకున్నా నేతన్నకు మజూరి ఇచ్చి నష్టం తను మోసేటోళ్లు కూడ ఉన్నరు. ఆ పని ఎవరో ఒకరు చెయ్యాల్సిందే. సొసైటీ చేసినా చెయ్యాల్సిందే, ఆ ఖర్చు ఎట్లయినా ఉంటది. "నేరుగ కొంటున్న, నడుమల ఎవ్వరు లేరు" అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. నేరుగ పోయి సగం రేటుకు గుంజుకొచ్చేటోళ్లు కూడ ఉన్నరు కదా. నడుమల ఉన్నోడు లెక్క చూపిస్తడా, చూపియ్యడా, నేను చూసేది అది.

బత్తాయి సంగతి కూడ అంతే. మన జిల్లా పేరు చెప్తే బత్తాయి గుర్తొస్తది. రైతు తోట మీద అమ్మితే సూట్, అంటే తరుగు, పేరు మీద టన్నుకు ఇంత అని ఊరికెనే తీసేస్తరు, ఆ తీసేసిన కాయ కూడ మళ్ల అమ్ముడుపోతది, పైసలు మాత్రం రైతుకు రావు. మా గల్లీల నాలుగైదు ఇండ్లోళ్లం కలిసి సీజన్‌ల ఒక తోట రైతు కాడ డబ్బాలకు డబ్బాలు తీసుకుంటం, సూట్ లేదు, కాటా మా ముందలనే, పైసలు అప్పుడే ఫోన్‌పే. మాకు బజారు కంటె జర సస్తనే పడతది, ఆయనకు మార్కెట్ కంటె ఎక్కువ ముడుతది. ఇందుల ఎవరికీ ఏం త్యాగం లేదు.

ఇంకొక లెక్క, ఇది ఆడోళ్లు తొందరగ పట్టుకుంటరు. గానుగ నూనె. పల్లీ మన వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దిక్కు మస్తు పండుతది. ఒక లీటర్ నూనె రావాలంటే రెండున్నర కిలోల దాక పల్లీ గింజలు పట్టుద్ది. గింజలు కిలో 130 అనుకోండి, గింజలకే 325 అయిపాయె, నూనె తీసినంక మిగిలే చెక్క అమ్మితే కొంత తిరిగొస్తది, దాంట్ల గానుగ కూలి, కరెంటు, డబ్బా పోతయ్. మరి ఎవరన్న "అసలైన గానుగ పల్లీనూనె లీటర్ 180" అని బోర్డు పెడితే అదెట్ల సాధ్యం? కల్తీ అన్న అయ్యుండాలె, లేకపోతే ఎవరికో ఒకరికి పైసలు ఎగ్గొట్టన్న ఉండాలె. రేటు చూసి ఈ లెక్క కట్టుడు అలవాటైతే ఏ గుర్తులు అక్కరలేదు. నల్లమల తేనె కూడ అట్లనే చూడాలె, చెంచులు తాడు పట్టుకొని కొండ చరియల మీద పట్టు కోసి తెచ్చిన తేనె కిలో రెండు వందలకు రాదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉన్నది, వాళ్ల దుకాణంల తేనె రేటు ఒకసారి చూసి బయట రేటుతోని పోల్చుకోండి.

సస్త రేటు ఎనుక ఎవరున్నరు అన్నది చూస్తే కొన్నిసార్లు నిద్ర పట్టదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌ల రానా ప్లాజా అని ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ కూలి 1,100 మందికి పైన బట్టలు కుట్టే కూలోళ్లు సచ్చిపోయిన్రు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చినయ్, కింది బ్యాంకోళ్లు, షాపులోళ్లు మూసుకొని పోయిన్రు, కుట్టు పనోళ్లను మాత్రం రాకుంటే జీతం కట్ అని లోపలికి పంపిన్రు. పెద్దపెద్ద దేశాల షాపులకు ఆర్డర్ టైమ్‌కు ఇయ్యాలె కదా, అందుకు. చాక్లెట్ చూడండి, ప్రపంచంల సగానికి పైన కోకో గింజలు ఐవరీ కోస్ట్, ఘనా ఈ రెండు దేశాల నుంచే వస్తయ్, 2020ల తీసిన లెక్కల ఆ కోకో తోటలల్ల 15 లక్షలకు పైన పిల్లలు పని చేస్తున్నరని తేలింది.

దూరం ముచ్చట అనుకోకున్రి. మన నడిగడ్డకు రాండ్రి. గద్వాల, అయిజ దిక్కు సీడ్ పత్తి ఏస్తరు, దేశంల పత్తి రైతులు కొనే హైబ్రిడ్ విత్తనం అక్కడ తయారైతది. సాయంత్రం ఒక్కొక్క మొగ్గను చేతితోని గిల్లి మగ భాగం తీసేయాలె, పొద్దుగాల ఇంకో చెట్టు పువ్వు తెచ్చి దానికి రాయాలె, క్రాసింగ్ అంటరు. ఒక్క మొగ్గ కూడ ఇడిసిపెట్టొద్దు, రెండు మూడు నెలలు రోజూ. చెట్టు నడుము ఎత్తు, పని చిన్న ఏళ్లతోనిదని ఆడపిల్లలను బడి మాన్పించి పెట్టిన్రు. ఏండ్ల తరబడి ఇది నడిచింది, పేపర్లల్ల వచ్చింది, సర్వేలు వచ్చినయ్, బడికి పంపుడు మీద చాన పని జరిగింది, తగ్గింది, పూర్తిగ పోయిందని నేను అనలేను. ఆ విత్తనం నుంచే పత్తి, ఆ పత్తి నుంచే దారం, ఆ దారం నుంచే మనం ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని తెచ్చుకునే షర్టు. కంపెనీ రైతుకు ఇచ్చే రేటు పెంచకుండ పిల్లలు వద్దు అని కాగితం మీద రాయించుకుంటే సరిపోదు. రైతుకు విత్తనం రేటు సరిపోతే పెద్దోళ్లకు కూలి ఇచ్చి చేపిస్తడు.

సరే, ఇప్పుడు మీ మనసుల ఉన్న ప్రశ్న నాకు తెలుసు. పైసలు ఎక్కడియి? ఇవన్నీ రేటు ఎక్కువ కదా. అవును, ఎక్కువనే, అబద్ధం చెప్పను. కానీ మనం ఏ ఖర్చును మార్చొచ్చో చూద్దాం.

పెట్టుబడి చీరలు. ఏ ఇంటికి పోయినా బీరువాల ఒక అర నిండా ఉంటయ్. ఒడిబియ్యానికి వచ్చినయ్, గృహప్రవేశానికి వచ్చినయ్, పెండ్లికి వచ్చినయ్. రెండు వందల యాభై, మూడు వందల చీర. మనం కట్టం, ఇచ్చినామె కట్టది, మళ్ల ఇంకొకరికి పెడతం, వాళ్లు ఇంకొకరికి. ఒక పెండ్లిల యాభై చీరలు పెడితే పదిహేను వేలు. ఆ పదిహేను వేలు ఎవ్వరూ కట్టని బట్ట మీద పోయినయ్. అదే పైసలకు కొయ్యలగూడెం నూలు టవల్లు, దుప్పట్లు, జాకెట్ గుడ్డలు పెట్టొచ్చు, ఇంట్ల రోజూ వాడుకుంటరు. మర్యాద తక్కువైతదా? కాదు. నేను మా ఇంట్ల ఒడిబియ్యానికి అట్లనే పెట్టిన, మా పెద్దమ్మ మొదలు మూతి ముడిచింది, తర్వాత "ఇంకో రెండు టవల్లు ఉన్నయా బిడ్డా" అని ఆమెనే ఫోన్ చేసింది.

శాలువాలు ఇంకొకటి. ఏ మీటింగ్ అయినా, ప్రమోషన్ అయినా, రిటైర్‌మెంట్ అయినా శాలువా కప్పుతరు. పాలిస్టర్ శాలువా, మెడ మీద గరగర. ఒక్క మన జిల్లాలనే ఏడాదికి ఎన్ని సన్మానాలు అయితయో ఆలోచన చేయండి, ప్రతి స్కూలు, ప్రతి ఆఫీసు, ప్రతి యూనియన్. వాటి జాగల చేనేత కండువా కప్పితే మగ్గానికి ఏడాది పొడుగునా పని. ఒక్క పెద్ద ఆర్డర్ ఏం చేస్తదో మన రాష్ట్రంల చూసినం, బతుకమ్మ చీరల ఆర్డర్ ఉన్నన్ని రోజులు సిరిసిల్ల సాంచాలు ఎట్ల నడిచినయో, ఆర్డర్ ఆగినంక కార్మికుల బతుకు ఎట్లైందో. అది పవర్‌లూమ్, సర్కారు ఆర్డర్, నిజమే. చేతిమగ్గానికి అంత పెద్దది అక్కరలేదు, చిన్నచిన్న ఆర్డర్లు ఆగకుండ వస్తే చాలు.

ఎవరో చెయ్యి లేపిన్రు... చెప్పు చెల్లె.

("అక్కా, మేము హాస్టల్‌ల ఉంటం, మాకు పాకెట్ మనీ కూడ ఉండదు, మేమేం చేయాలె?")

మంచిగ అడిగినవ్. నీకు నేను కొనుమని చెప్పను తల్లీ. తక్కువ కొనుడు కూడ ఇందుల భాగమే. ఏడాదికి పది డ్రెస్సులు ఆన్‌లైన్‌ల తెచ్చుకునే జాగల నాలుగు కొనుక్కొని వాటినే ఎక్కువ రోజులు కట్టుకుంటే అది కూడ ఆ కుట్టేటోళ్ల మీద ఒత్తిడి తగ్గించుడే. ఇంకొకటి, మీ కాలేజీల ఫెస్ట్‌కు బ్యాగులు కొంటరు, బ్యానర్లు కొంటరు, గెస్టులకు మెమెంటోలు కొంటరు, ఆ పైసలు కాలేజీయి. ఆ కమిటీల నువ్వు కూసో, ఆ బ్యాగులు ఎవరి కాడ కుట్టిపియ్యాల్నో నువ్వు చెప్పు. మహిళా సంఘాల అక్కలు కుడుతరు, అడిగేటోళ్లు లేక కూసున్నరు.

("మేడమ్, ఆన్‌లైన్‌ల చేనేత అని పెట్టి అమ్ముతున్నరు కదా, అవి నమ్మొచ్చా?")

అన్నా, ఆన్‌లైన్ అని కాదు, ఎవరు అన్నది చూడండి. నేతన్నల పిల్లలే చానమంది ఇప్పుడు ఇన్‌స్టాల, వాట్సాప్‌ల సొంతంగ అమ్ముతున్నరు, మగ్గం మీద ఉన్నప్పుడు వీడియో తీసి పంపుమంటే పంపుతరు. వాళ్ల కాడ కొనండి, ధైర్యంగ కొనండి. ఫోటోలు ఒక చోటియి, సరుకు ఇంకో చోటిది అయితే వీడియో అడగంగనే తెలిసిపోతది. ఇంకొకటి, వాపస్ ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పెద్ద కంపెనీకి వాపస్ అంటే లెక్కల ఒక గీత, మగ్గం ఇంటికి వాపస్ అంటే నెల కష్టం ఇంట్ల మూలకు పడుడు.

ఇగ టైమ్ అయిపోతుంది, మైకు ఇంకొకరికి ఇయ్యాలె. దసరాకు, బతుకమ్మకు చేనేత కావాలంటే పండుగ వారం ముందల అడిగితే దొరకదు, పడుగు ఎక్కియ్యాలె కదా, రెండు నెలల ముందల చెప్పాలె, అంటే ఇప్పుడే. బయట బల్ల కాడ సొసైటీ నుంచి వచ్చినోళ్లు కూసున్నరు. నాకు ఏం ఇయ్యొద్దు, వాళ్ల రసీదు బుక్కుల మీ పేరు, ఏం కావాల్నో రాయించి సగం పైసలు కట్టండి, మిగతాది సరుకు చేతికి వచ్చినంక. టవల్లు మూడు సైజుల ఉన్నయ్, దుప్పట్లు సింగిల్, డబల్ ఉన్నయ్, కండువాలకు కనీసం ఇరవై అయినా ఉంటే ఒక్క రంగుల నేసి ఇస్తమన్నరు. స్కూళ్ల సార్లు ఎవరన్న ఉంటే సెప్టెంబర్ 5 టీచర్స్ డేకు కండువాల లెక్క ఇప్పుడే చెప్పి పోండ్రి.